ఫీడ్‌బ్యాక్ పెట్టినా ఫేజ్ కొలత మెరుగుపడటం లేదా?

ఫేజ్ (కాంతి తరంగం తన ఆవృత్తంలో ఎక్కడుందో చెప్పే కోణం) ఎంతో తెలియని లేజర్ పల్స్‌ను కొలవడానికి మామూలు దారి హెటెరోడైన్, అంటే కాస్త వేరే ఫ్రీక్వెన్సీ ఉన్న మరో లేజర్ కిరణంతో కలిపి కొలవడం. పల్స్‌లో సగటున n ఫోటాన్లుంటే వేరియన్స్ (ఫేజ్ అంచనాలో చెదురు) సుమారు 1/(2n) వస్తుంది. పల్స్ నడుస్తుండగానే ఫేజ్ అంచనా వేసుకుంటూ, లోకల్ ఆసిలేటర్‌ను (పోలికకు వాడే బలమైన లేజర్ కిరణాన్ని) ఆ అంచనాకు 90 డిగ్రీల ఎడంలో నిలుపుతూ పోతే అది 1/(4n) దగ్గరికి దిగుతుంది. భౌతిక శాస్త్రవేత్త హోవర్డ్ వైజ్‌మన్ 1995లో చెప్పిన ఈ ఫీడ్‌బ్యాక్ పద్ధతి 2002లో అమెరికాలోని కాల్‌టెక్‌లో ప్రయోగంగా పనిచేసింది. మీ బల్ల మీద పనిచేయకపోతే ఇవి చూడండి.

సమస్య: వేరియన్స్ హెటెరోడైన్ స్థాయి కంటే దిగడం లేదు

అందరి చెయ్యీ ముందు గెయిన్ (ఫీడ్‌బ్యాక్ ఎంత గట్టిగా స్పందించాలనే అమరిక) మీదకే పోతుంది. దాన్ని ముట్టుకోకండి, ముందు డిటెక్టర్‌ను అనుమానించండి. సిగ్నల్ కిరణాన్ని ఆపేసి, లోకల్ ఆసిలేటర్ పవర్ రెట్టింపు చేసి, స్పెక్ట్రమ్ అనలైజర్‌లో నాయిస్ చూడండి. 3 డీబీ పెరిగిందా, అది షాట్ నాయిస్ (ఫోటాన్లు విడివిడిగా పడటం వల్ల వచ్చే నాయిస్), మంచిదే. అసలు కదల్లేదా, మీరు చూస్తున్నది ఎలక్ట్రానిక్స్ నాయిస్. లోకల్ ఆసిలేటర్ పవర్ పెంచాలి, లేదా ఆంప్లిఫయర్ మార్చాలి. 6 డీబీ దాకా ఎగిరిందా, లేజర్ తీవ్రతలోని ఒడిదుడుకులు లోపలికి వస్తున్నాయి. డిటెక్టర్‌లోని రెండు ఫోటోడయోడ్ల మీద వెలుగు సమానంగా పడేలా సరిచేయండి.

తర్వాత ఫ్రింజ్ విజిబిలిటీ, అంటే రెండు కిరణాలు ఎంత బాగా కలుస్తున్నాయో చెప్పే కొలత. 0.95 అంటే బాగానే ఉందనిపిస్తుంది, కానీ సామర్థ్యం దాని వర్గం. అంటే దాదాపు పదో వంతు సిగ్నల్ అక్కడే పోయింది.

సమస్య: ఫీడ్‌బ్యాక్ లూప్ ఊగిపోతోంది

కారణం ఆలస్యం. లూప్‌లో మొత్తం 1 మైక్రోసెకను ఆలస్యముంటే 100 కిలోహెర్ట్జ్ దగ్గర 36 డిగ్రీలు వెనకబడుతుంది. గెయిన్ తగ్గిస్తే ఊగడం ఆగుతుంది, వేగమూ పోతుంది. పీజో అద్దానికి (వోల్టేజ్‌తో కదిలే అద్దానికి) నెమ్మది డ్రిఫ్ట్ వదిలేసి, వేగమైన పని ఎలక్ట్రో ఆప్టిక్ మాడ్యులేటర్‌కు (వోల్టేజ్‌తో కాంతి ఫేజ్ మార్చే పరికరానికి) అప్పగించడం మేలు.

సమస్య: లూప్ సిగ్నల్ ఎంతో ప్రశాంతం, ఫలితం మాత్రం తప్పు

అన్నిటికంటే ఎక్కువ మోసం చేసేది ఇదే. లూప్ లోపలి కరెంటు షాట్ నాయిస్ కంటే తక్కువగా కనిపించవచ్చు. ఫీడ్‌బ్యాక్ ఆ నాయిస్‌ను తనే అణిచేస్తోంది, ఫేజ్ గురించి కొత్తగా తెలిసిందేమీ లేదు. ఆ గీతను నమ్మొద్దు. సిగ్నల్‌కు తెలిసిన ఫేజ్ ఇచ్చి, దాన్ని 0 నుంచి 360 డిగ్రీల దాకా మారుస్తూ, ప్రతి విలువ దగ్గరా తుది అంచనాతో పోల్చండి. ఆ తుది అంచనాను కూడా ఫీడ్‌బ్యాక్ చివరి విలువ నుంచి తీసుకోకూడదు. పల్స్ మొత్తం కరెంటు రికార్డును, ఆ క్షణాల్లోని లోకల్ ఆసిలేటర్ ఫేజ్‌తో కలిపి లెక్కించాలి.

సమస్య: 180 డిగ్రీల తప్పు

అప్పుడప్పుడే వస్తే, పల్స్ మొదట్లో లూప్ తప్పు వైపు చిక్కుకుంటోంది. గెయిన్ స్థిరంగా ఉంచకండి: మొదట ఎక్కువగా, కాలం వర్గమూలానికి విలోమంగా తగ్గేలా పెట్టండి. ప్రతిసారీ వస్తే, రెండు ఫోటోడయోడ్ల కేబుళ్లు తారుమారయ్యాయేమో చూసి మార్చండి.