కొరియాకు కొత్తగా వచ్చిన విద్యార్థులకు: పెద్దాచిన్నా, మాటతీరు, మన అదుపు

మాస్టర్స్‌కో పీహెచ్‌డీకో దక్షిణ కొరియా వచ్చిన మనవాళ్ళకు వీసా, రూమ్, బ్యాంకు ఖాతా గురించి చెప్పేవాళ్ళు చాలామందే దొరుకుతారు. ల్యాబ్‌లో, భోజనాల దగ్గర ఎలా మసలుకోవాలో చెప్పేవాళ్ళు తక్కువ. మొదటి సెమిస్టర్‌లో ఎక్కువ టెన్షన్ పెట్టేది అదే.

మీ పర్సులోని 1,000 వాన్ల నోటు చూడండి. దాని మీదున్నాయన యి హ్వాంగ్ (1501–1570) అనే కన్‌ఫ్యూషియన్ పండితుడు, అంటే ప్రాచీన చైనా తత్త్వవేత్త కన్‌ఫ్యూషియస్ బోధనను అనుసరించినవాడు. తొయెగ్యె అనే పేరుతో ఇక్కడ చిన్నపిల్లలకు కూడా తెలుసు. 5,000 నోటు మీదున్న యి ఐ కూడా ఆ కోవకు చెందిన పండితుడే. 1392 నుంచి 1910 దాకా కొరియాను ఏలిన జోసన్ రాజవంశం పాలనకు, చదువుకు, ఇంటికి కన్‌ఫ్యూషియస్ బోధననే ఆధారం చేసుకుంది. ఈరోజు ఇక్కడివాళ్ళు చర్చికి వెళ్ళినా, బౌద్ధులైనా, ఏ మతమూ లేదన్నా, నడవడికలో మాత్రం ఆ ఒరవడి మిగిలే ఉంది.

పరిచయమైన కాసేపటికే మీరు ఏ సంవత్సరంలో పుట్టారని అడుగుతారు. తప్పుగా అనుకోకండి. మీతో ఏ స్థాయిలో మాట్లాడాలో తేల్చుకోవడానికే ఆ ప్రశ్న. గౌరవంగా మాట్లాడితే జొందేమల్, చనువుగా మాట్లాడితే బన్‌మల్; క్రియాపదం చివరే మారిపోతుంది. సీరియళ్ళు చూసి నేర్చుకున్న కొరియన్‌లో బన్‌మల్ ఎక్కువగా ఉంటుంది, దాన్ని ప్రొఫెసర్ ముందు వాడొద్దు. ఆయన్ని పేరు పెట్టి పిలవొద్దు, 'గ్యోసునిమ్' అనాలి. ల్యాబ్‌లో మీకన్నా ముందు చేరినవాళ్ళు 'సన్‌బేనిమ్'. గారు, అన్నయ్య, అక్క అంటూ పెరిగిన మనకు ఇది తొందరగానే పట్టుబడుతుంది.

పెద్దవాళ్ళకు ఏదిచ్చినా, వాళ్ళ నుంచి ఏది తీసుకున్నా రెండు చేతులతో. భోజనంలో పెద్దవాళ్ళు చెంచా ఎత్తాకే మీరు మొదలుపెట్టండి. అన్నంలో చాప్‌స్టిక్స్ నిలువుగా గుచ్చకండి, అది చనిపోయినవారికి పెట్టే తీరును గుర్తుచేస్తుంది. మందు అలవాటు లేకపోతే, మాంసం తినకపోతే ల్యాబ్ విందుకు ముందే చెప్పేయండి. జ్యూస్ గ్లాసునైనా రెండు చేతులతో అందుకుంటే ఎవరూ నొచ్చుకోరు.

ఇవన్నీ నేర్చుకోవడానికి ఒక నెల చాలు. అసలు విషయం వేరే ఉందని నా నమ్మకం. మంచితనం అంటే ఏమిటని శిష్యుడు యాన్ హుయ్ అడిగితే, తనను తాను అదుపులో పెట్టుకుని మర్యాదకు మళ్ళడమే అన్నాడు కన్‌ఫ్యూషియస్. అంటే నిగ్రహం ముందు, నమస్కారం తరవాత. కొరియన్లు 'శిన్‌దోక్' అంటారు: ఎవరూ చూడనప్పుడు కూడా జాగ్రత్తగా నడుచుకోవడం. అర్ధరాత్రి చెత్త వేసేటప్పుడు అది తెలుస్తుంది. 1995 నుంచి ఇక్కడ చెత్తను డబ్బు పెట్టి కొన్న ప్రత్యేక సంచుల్లోనే వేయాలి. తిండి వ్యర్థాలు వేరు, ప్లాస్టిక్ వేరు, గాజు వేరు. కెమెరా ఉన్నా లేకపోయినా విడదీసి వేయండి. మరొకటి ఫోను. ఇంట్లో రాత్రి తొమ్మిదికి అమ్మ ఫోన్ చేస్తే ఇక్కడ పన్నెండున్నర. వన్‌రూమ్ ఇళ్ళ గోడలు పలచన. ఆ వేళ మాట తగ్గించండి, పొద్దున్నే మిక్సీ తిప్పకండి. పై అంతస్తు చప్పుళ్ళ గురించి గొడవలు ఇక్కడ పోలీసుల దాకా వెళ్తాయి.

ఇక, పెద్దవాళ్ళు ఏం చెప్పినా తలూపడమే కన్‌ఫ్యూషియన్ పద్ధతి అని మన సీనియర్లలో కొందరు చెప్తుంటారు. నేను ఒప్పుకోను. తొయెగ్యెకు పేరుప్రతిష్ఠలు వచ్చాక, ఆయనకన్నా 26 ఏళ్ళు చిన్నవాడైన గి దే-సంగ్ ఆయన సిద్ధాంతాన్నే ప్రశ్నిస్తూ ఉత్తరాలు రాశాడు. మనిషిలో మంచి భావాలు ఎక్కడినుంచి పుడతాయన్నది వాళ్ళ వాదన. తొయెగ్యె కసురుకోలేదు. ఏళ్ళ తరబడి ఓపికగా జవాబులు రాస్తూ, తన మాటల్ని కొన్నిచోట్ల సవరించుకున్నాడు కూడా. పెద్దరికానికి కూడా నిగ్రహం ఉండాలని ఈ సంప్రదాయమే చెబుతోంది.

కాబట్టి మీకు అభిప్రాయభేదం ఉంటే దాచుకోవద్దు; అందరి ముందు కాకుండా, వాళ్ళ గదికి వెళ్ళి, జొందేమల్‌లో, కారణాలతో చెప్పండి. అదే సమయంలో సన్‌బే తన సొంత పనులు చేయించుకుంటున్నా, తిడుతున్నా, సెలవులు ఇవ్వకపోయినా అది సంప్రదాయం అనుకుని భరించకండి. ఉద్యోగాల్లో వేధింపులను నిషేధిస్తూ 2019 జులై నుంచి చట్టం అమల్లో ఉంది. విశ్వవిద్యాలయాల్లో మానవ హక్కుల కేంద్రాలున్నాయి. విదేశీ విద్యార్థుల కార్యాలయంలో అడిగితే దారి చూపిస్తారు. వెళ్ళేటప్పుడు తేదీలు, మెసేజీలు దాచి ఉంచుకోండి.