పిడ్జిన్ పాఠాలు – 2వ భాగం: రెండో అకౌంటు కలపడం

మొదటి భాగంలో పిడ్జిన్ (వేర్వేరు చాట్ నెట్‌వర్కులను ఒకే చోట వాడుకునే ప్రోగ్రాము) ఇన్‌స్టాల్ చేసుకుని, ఎక్స్‌ఎంపీపీ అనే చాట్ నెట్‌వర్కులో అకౌంటు ఒకటి తెరిచి, బడ్డీ లిస్ట్ (మిత్రుల జాబితా) కనబడేదాకా వచ్చాం. ఒక్క అకౌంటే వాడేట్టయితే ఇంత తతంగం అక్కర్లేదు. అసలు పని ఇప్పుడు మొదలవుతుంది. ఐఆర్‌సీ అనే ఇంకో చాట్ నెట్‌వర్కు అకౌంటును రెండోదిగా కలుపుదాం. రెండు చోట్లా ఉన్న మనిషిని లిస్టులో ఒకే పేరు కిందికి తెద్దాం.

కొత్తవాళ్లకు దాదాపు అందరికీ వచ్చే అనుమానం ఒకటుంది. పిడ్జిన్‌లో రెండు నెట్‌వర్కులు పెట్టుకుంటే ఇక్కడివాళ్లు అక్కడివాళ్లతో మాట్లాడుకోగలరా? లేదు. ఇది రెండు సిమ్‌లు వేసిన ఫోను లాంటిది. ఫోను ఒకటే అయినా ఏ నంబరు దానిదే, ఏ రీఛార్జి దానిదే. ప్రతి నెట్‌వర్కులోనూ మీకు విడిగా అకౌంటు ఉండాల్సిందే. ఇన్ని ప్రోగ్రాములు తెరిచిపెట్టుకునే బాధ మాత్రం తప్పుతుంది.

మరి ఎక్స్‌ఎంపీపీ, ఐఆర్‌సీలే ఎందుకు, వాట్సాప్ కలపొచ్చు కదా అంటారు. దీనికి కొంచెం చరిత్ర చెప్పాలి.

1998లో మార్క్ స్పెన్సర్ ఈ ప్రోగ్రాము మొదలుపెట్టినప్పుడు దీని పేరు గెయిమ్. లినక్స్‌లో కూర్చుని ఏఓఎల్ మెసెంజర్‌లో మాట్లాడటం కోసం రాసింది. తర్వాత ఒక్కొక్క నెట్‌వర్కే వచ్చి చేరింది: యాహూ, ఎంఎస్‌ఎన్, ఐసీక్యూ, జాబర్. పేరు విషయంలో ఏఓఎల్‌తో చాలాకాలం సాగిన తగాదా తేలాక, 2007లో పిడ్జిన్ అయింది. మన ఊళ్లలో ఇంటర్నెట్ సెంటర్లు కిటకిటలాడిన రోజుల్లో యాహూ ఒక విండోలో, జీటాక్ ఇంకో విండోలో పెట్టుకున్నవాళ్లకు ఇది ఎంత సుఖమో వేరే చెప్పక్కర్లేదు.

ఆ నెట్‌వర్కులన్నీ ఇప్పుడేవీ? ఏఓఎల్ మెసెంజర్ 2017 డిసెంబరులో మూతపడింది. యాహూ మెసెంజర్ 2018 జులైలో, ఐసీక్యూ 2024 జూన్‌లో ఆగిపోయాయి. జీటాక్ కథ ఇంకా విచిత్రం. 2005లో అది ఎక్స్‌ఎంపీపీ మీదే వచ్చింది కాబట్టి పిడ్జిన్‌లో హాయిగా పనిచేసేది. గూగుల్ మెల్లమెల్లగా తలుపులు వేసుకుంటూ వచ్చి, 2022 జూన్‌లో బయటి ప్రోగ్రాములకు పూర్తిగా తాళం పెట్టేసింది. 1988లో ఫిన్లాండ్‌లో యార్కో ఓయికారినెన్ రాసిన ఐఆర్‌సీ, 1999లో జెరెమీ మిల్లర్ జాబర్ పేరుతో బయటపెట్టిన ఎక్స్‌ఎంపీపీ మాత్రం ఇంకా నడుస్తున్నాయి. వాటి నియమాలు అందరికీ తెరిచి ఉన్నాయి. ఒక సర్వరు పోతే ఇంకో సర్వరు ఉంటుంది. నేర్చుకునేవాళ్లు ముందు వీటితోనే మొదలుపెట్టాలని నా పట్టుదల. వాట్సాప్‌కి బయటివాళ్లు రాసిన ప్లగిన్లు (పిడ్జిన్‌కు అదనంగా తగిలించే ముక్కలు) ఉన్నాయి గానీ, అనధికార ప్రోగ్రాములు వాడితే నంబరునే బ్లాక్ చేసే హక్కు వాట్సాప్ తన దగ్గరే ఉంచుకుంది. ఇంట్లోవాళ్లు, ఆఫీసు, బ్యాంకు అన్నీ ఆ నంబరు మీదే ఉన్నప్పుడు ఎందుకొచ్చిన టెన్షన్!

సరే, పనిలోకి దిగుదాం. మెనూల పేర్లు ఇక్కడ తెలుగు లిపిలో రాస్తున్నాను, మీ స్క్రీను మీద ఇంగ్లిషులో ఉంటాయి.

బడ్డీ లిస్ట్‌లో అకౌంట్స్ మెనూ తెరిచి మేనేజ్ అకౌంట్స్ నొక్కండి. మొదటి భాగంలో పెట్టిన ఎక్స్‌ఎంపీపీ అకౌంటు అక్కడ కనిపిస్తుంది. కింద యాడ్ నొక్కితే బేసిక్, అడ్వాన్స్‌డ్, ప్రాక్సీ అని మూడు ట్యాబులున్న పెట్టె వస్తుంది. బేసిక్‌లో ప్రోటోకాల్ దగ్గర ఐఆర్‌సీ ఎంచుకోండి. యూజర్‌నేమ్‌లో మీకు కావలసిన మారుపేరు ఇవ్వండి. ఖాళీలు ఉండకూడదు, ఇంగ్లిషు అక్షరాల్లోనే ఉండాలి. సర్వర్ దగ్గర ఐఆర్‌సీ డాట్ లిబెరా డాట్ చాట్ అని రాయండి. లిబెరా చాట్ 2021 మేలో మొదలైన నెట్‌వర్కు. ఫ్రీనోడ్ అనే పాత ఐఆర్‌సీ నెట్‌వర్కు నుంచి బయటికొచ్చిన నిర్వాహకులు పెట్టుకున్నది. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టులు చాలా అక్కడే ఉంటాయి. పాస్‌వర్డ్ గడి ఇప్పటికి ఖాళీగా వదిలేయండి.

ఇప్పుడు అడ్వాన్స్‌డ్ ట్యాబ్. ఎక్కువమంది ఇక్కడే ఇరుక్కుంటారు. యూజ్ ఎస్‌ఎస్‌ఎల్ (సర్వరుకు వెళ్లే మాటలకు తాళం వేసేది) అన్న గడిలో టిక్ పెడతారు, పోర్టు (సర్వరులోకి వెళ్లే దారి నంబరు) మాత్రం 6667 అలాగే వదిలేస్తారు. 6667 తాళం లేని దారి. తాళం వేసిన దారి 6697. టిక్ పెట్టినంత మాత్రాన పోర్టు దానంతటది మారదు, మీరే మార్చాలి. మార్చకపోతే కనెక్టింగ్ అంటూ కాసేపు తిరిగి చివరికి ఎర్రర్ చూపిస్తుంది. తప్పు పాస్‌వర్డ్‌లో ఉందేమోనని గంటసేపు వెతుక్కునేవాళ్లున్నారు. ఎన్‌కోడింగ్స్ దగ్గర యూటీఎఫ్-8 (తెలుగు లాంటి లిపులను కూడా పంపగల పద్ధతి) ఉందో లేదో చూడండి. అది లేకపోతే మీరు రాసిన తెలుగు అవతలివాళ్లకు ప్రశ్నార్థకాలుగా వెళుతుంది.

తెలుగులో రాసేవాళ్లు ఇంకో సంగతి తెలుసుకోవాలి. ఐఆర్‌సీలో ఒక్కో మెసేజీకి 512 బైట్లే హద్దు. అందులో కొంత చిరునామాకే పోతుంది. ఇంగ్లిషు అక్షరం ఒక్క బైటు. తెలుగులో ఒక్కో సంకేతానికి మూడు బైట్లు పడతాయి. 'తెలుగు' అన్న మాటలో త, ఎత్వం, ల, ఉకారం, గ, మళ్లీ ఉకారం, మొత్తం ఆరు సంకేతాలు. అంటే పద్దెనిమిది బైట్లు. పొడుగ్గా పేరా రాసి ఎంటర్ కొడితే మెసేజీ ముక్కలవుతుంది, లేదా చివర తెగిపోతుంది. రెండు మూడు చిన్న వాక్యాలకోసారి ఎంటర్ కొట్టడం అలవాటు చేసుకోండి. ఎక్స్‌ఎంపీపీలో ఈ బాధ లేదు.

కనెక్ట్ అయ్యాక మారుపేరు రిజిస్టర్ చేసుకోవాలి, లేకపోతే మీరు లేనప్పుడు ఇంకెవరైనా అదే పేరుతో కూర్చోవచ్చు. దీనికి నిక్‌సర్వ్ అనే సేవకు ఒక ఆదేశం పంపాలి. ముందు బడ్డీస్ మెనూలో జాయిన్ ఎ చాట్ నొక్కి, ఐఆర్‌సీ అకౌంటు ఎంచుకుని, హ్యాష్ గుర్తు పక్కన లిబెరా అని రాసి ఆ ఛానెల్లోకి (అందరూ కలిసి మాట్లాడుకునే గదిలోకి) వెళ్లండి. కింద రాసే గడిలో స్లాష్ కొట్టి, దానికి ఆనుకునే ఎంఎస్‌జీ అని, ఆ తర్వాత ఒక్కో ఖాళీ వదులుతూ నిక్‌సర్వ్, రిజిస్టర్, మీ పాస్‌వర్డ్, మీ ఈమెయిల్ రాయండి. అన్నీ ఇంగ్లిషు అక్షరాల్లోనే. ఎంటర్ కొట్టే ముందు ఆగండి. వరుసలో మొట్టమొదటి అక్షరం స్లాషే అయి ఉండాలి. దాని ముందు ఒక్క ఖాళీ ఉన్నా పిడ్జిన్ దాన్ని ఆదేశం అనుకోదు, మామూలు మాట అనుకుని పాస్‌వర్డ్‌తో సహా ఛానెల్లో ఉన్న వందలమంది ముందు పెట్టేస్తుంది. పాతవాళ్లు దీనికి నవ్వుకుంటారు, కానీ పాస్‌వర్డ్ వెంటనే మార్చుకోవాల్సిందే.

ఈమెయిల్‌కి వచ్చిన ధ్రువీకరణ ఆదేశాన్ని కూడా ఇలాగే పంపితే పేరు మీదైపోతుంది. తర్వాత మళ్లీ మేనేజ్ అకౌంట్స్‌లోకి వెళ్లి, బేసిక్‌లో పాస్‌వర్డ్ ఇచ్చి, అడ్వాన్స్‌డ్‌లో ఎస్‌ఏఎస్‌ఎల్ (కనెక్ట్ అయ్యేటప్పుడే పాస్‌వర్డ్ చూపించే పద్ధతి) గడిలో టిక్ పెట్టండి. ఇక ప్రతిసారీ అదే లాగిన్ చేసుకుంటుంది.

ఇప్పుడు మనుషుల్ని కలుపుదాం. మీ స్నేహితుడొకరు రెండు నెట్‌వర్కుల్లోనూ ఉన్నాడనుకోండి. బడ్డీస్ మెనూలో యాడ్ బడ్డీ నొక్కి ఎక్స్‌ఎంపీపీ అడ్రసుతో ఒకసారి, ఐఆర్‌సీ మారుపేరుతో ఇంకోసారి చేర్చండి. ఇక్కడ రెంటికీ తేడా బయటపడుతుంది. ఎక్స్‌ఎంపీపీలో అతనికి అనుమతి అడుగుతూ కబురు వెళుతుంది, అతను సరే అన్నాకే ఆన్‌లైన్‌లో ఉన్నాడో లేడో మీకు తెలుస్తుంది. ఐఆర్‌సీలో అడగడాలు లేవు. మీ పిడ్జినే మధ్యమధ్యలో ఫలానా పేరువాళ్లు ఉన్నారా అని సర్వరును అడిగి తెలుసుకుంటుంది. ఎక్స్‌ఎంపీపీ లిస్టు సర్వరులో ఉంటుంది కనుక రేపు కంప్యూటరు మార్చినా తిరిగొస్తుంది. ఐఆర్‌సీ మిత్రుల లిస్టు మీ కంప్యూటర్లో ఒక ఫైల్లోనే ఉంటుంది, అది పోతే లిస్టూ పోయినట్టే.

ఇప్పుడు లిస్టులో ఆ స్నేహితుడు రెండు పేర్లతో కనిపిస్తాడు. ఒకదాని మీద రైట్ క్లిక్ చేసి ఎక్స్‌పాండ్ నొక్కండి, రెండోదాన్ని మౌస్‌తో లాక్కొచ్చి దాని మీద వదలండి. రెండూ ఒకే కాంటాక్టు అవుతాయి. ఏలియస్ (లిస్టులో కనిపించే పేరు) దగ్గర అతని పేరు, తెలుగులోనే రాసుకోండి, బాగుంటుంది. డబుల్ క్లిక్ చేస్తే ఏదో ఒక అకౌంటు నుంచి మాట మొదలవుతుంది. ఏ దారిలో పంపాలో మీరే చెప్పాలంటే సంభాషణ విండోలో సెండ్ టు మెనూ ఉంది. అతను ఆఫ్‌లైన్‌లో ఉంటే ఎక్స్‌ఎంపీపీ ఎంచుకోండి. మామూలుగా సర్వరు ఆ మెసేజీ దాచి, వచ్చాక అందిస్తుంది. ఐఆర్‌సీలో మనిషి లేకపోతే ఆ మాట అందదు.

కింద ఉన్న స్టేటస్ పెట్టె అన్ని అకౌంట్లకూ ఒకేసారి వర్తిస్తుంది. 'అవే' (దగ్గర లేను) అని పెడితే రెండు చోట్లా అదే కనిపిస్తుంది.

పాస్‌వర్డ్‌ల మాట చెప్పకుండా ఈ భాగం ముగించలేను. రిమెంబర్ పాస్‌వర్డ్ టిక్ పెడితే పిడ్జిన్ వాటిని అకౌంట్స్ డాట్ ఎక్స్‌ఎంఎల్ అనే ఫైల్లో ఏ ముసుగూ లేకుండా, చదవగలిగేట్టుగానే దాస్తుంది. లినక్స్‌లో అది హోమ్ ఫోల్డర్లో డాట్ పర్పుల్ అనే దాగి ఉన్న ఫోల్డర్లో ఉంటుంది. విండోస్‌లో యాప్ డేటా లోపల అదే పేరుతో. ముసుగు వేసినట్టు నటిస్తే లేని ధీమా వస్తుందని దాన్ని రాసినవాళ్ల వాదన. వాదన సరైనదే, కానీ నలుగురూ వాడే కంప్యూటర్లో మాత్రం ఆ టిక్ పెట్టకండి. ఈ అకౌంట్ల పాస్‌వర్డ్ మీ ఈమెయిల్ పాస్‌వర్డ్ ఒకటే కాకుండా చూసుకోండి.

వచ్చే భాగంలోపు చేయాల్సిన సాధన: తెలిసినవాళ్లు ఒకరిని ఒప్పించి రెండు నెట్‌వర్కుల్లోకీ రప్పించండి, ఒకే కాంటాక్టుగా కలపండి, సెండ్ టు మారుస్తూ రెండు దారుల్లోనూ ఒక్కో తెలుగు మెసేజీ పంపండి. ఐఆర్‌సీలో కావాలనే పొడుగు పేరా ఒకటి పంపి, అవతల ఎక్కడ విరిగిందో వాళ్లనే అడగండి. మూడో భాగంలో సర్వరు నడిపేవాళ్లు కూడా చదవలేకుండా మాటలకు తాళం వేసే ఓటీఆర్ ప్లగిన్ పెట్టుకుందాం.