మ్యాగజైన్ పేజీలోకి రాగానే వ్యాసంలో ఒత్తులు విడిపోతున్నాయా?

కాలేజీ మ్యాగజైన్ పని మొదలైందంటే చాలు, నాకు ఇవే ఫోన్లు. పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్ ఇన్‌డిజైన్‌లో ఫ్రేమ్ గీయడం, కాలమ్స్ పెట్టడం మీకు వచ్చనుకునే రాస్తున్నాను.

సమస్య: వ్యాసం పేస్ట్ చేస్తే తెలుగు బదులు పిచ్చి గుర్తులు

అది పాత అనూ ఫాంట్లలో కొట్టిన వ్యాసం, ఫోన్లలో, ఇంటర్నెట్‌లో వాడే యూనికోడ్ కాదు. రెండు లైన్లు కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో వేయండి. తెలుగు కనిపిస్తే యూనికోడ్, గుర్తులు కనిపిస్తే అనూ. ఇంత చిన్న పని చేయకుండా సాయంత్రం దాకా ఫాంట్లు డౌన్‌లోడ్ చేస్తూ కూర్చుంటారు! కన్వర్టర్‌లో వేసి యూనికోడ్‌కి మార్చుకోండి. మార్చాక ప్రూఫ్ చదవాల్సిందే. ఇంకా పాత సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్‌లోనే చేస్తున్నవాళ్లకు వ్యవహారం తిరగబడుతుంది. దానికి యూనికోడ్ తెలియదు కాబట్టి పిల్లలు ఫోన్‌లో కొట్టి పంపిందాన్ని అనూకి మార్చుకోవాలి.

సమస్య: తెలుగే కనిపిస్తోంది, కానీ ఒత్తులు ఊడిపోయాయి

అసలు తలనొప్పి ఇది. ‘స్త్రీ’ అనే మాట ముక్కలై, మధ్యలో పొల్లులతో కనిపిస్తుంది. అదే ఫైలు వర్డ్‌లో చక్కగా ఉంటుంది. దాంతో అందరూ ఫాంట్‌ని తిడతారు. మండలి తీసి రామభద్ర పెడతారు, అది తీసి నోటో పెడతారు. ఫాంట్ తప్పేమీ లేదు.

తప్పు ఇన్‌డిజైన్‌లో అక్షరాలను పేర్చి లైన్లు కట్టే కంపోజర్‌ది. మామూలు అడోబీ పేరాగ్రాఫ్ కంపోజర్‌కు ఒత్తును అక్షరం కింద కూర్చోబెట్టడం రాదు. పేరాగ్రాఫ్ ప్యానెల్ మెనూలో అడోబీ వరల్డ్-రెడీ పేరాగ్రాఫ్ కంపోజర్ ఎంచుకోవాలి. ఇంతవరకు చాలామందికి తెలుసు. కంట్రోల్-ఏ కొట్టి, అది మార్చి, హమ్మయ్య అనుకుంటారు. తర్వాతి వ్యాసం తెచ్చి పెట్టగానే మళ్లీ అదే గోల.

ఎందుకంటే ఈ సెట్టింగ్ ఉండేది పేరాలో, పేరా రూపాన్ని ఒక పేరుతో దాచిపెట్టే పేరాగ్రాఫ్ స్టైల్‌లో. వర్డ్ ఫైలు తన స్టైల్స్‌ను వెంటేసుకొస్తుంది, వాటికి పాత కంపోజరే తగులుకుంటుంది. పైగా కంట్రోల్-ఏ ఆ ఒక్క వ్యాసానికే పనిచేస్తుంది. విడి ఫ్రేముల్లో ఉన్న శీర్షిక, విద్యార్థి పేరు, ఫోటో కింది వ్యాఖ్య అలాగే మిగిలిపోతాయి. అవి కనిపించేది ప్రెస్ నుంచి కట్టలు వచ్చాకే.

కాబట్టి ముందు డాక్యుమెంట్లన్నీ మూసేసి, ప్రిఫరెన్సెస్‌లో అడ్వాన్స్‌డ్ టైప్ దగ్గర డిఫాల్ట్ కంపోజర్ మార్చండి. ఇది కొత్త ఫైళ్లకే వర్తిస్తుంది. ఇప్పటికే మొదలుపెట్టిన ఫైల్లో ప్రతి పేరాగ్రాఫ్ స్టైల్ తెరిచి, జస్టిఫికేషన్ పేజీలో కంపోజర్ చూడండి. వర్డ్ ఫైలు తెచ్చేటప్పుడు ప్లేస్ డైలాగ్‌లో షో ఇంపోర్ట్ ఆప్షన్స్‌కి టిక్ పెట్టి, స్టైల్స్ తీసేసే ఆప్షన్ ఎంచుకోండి. బోల్డ్, ఇటాలిక్ పోకూడదంటే దాని కిందే లోకల్ ఓవర్‌రైడ్స్ ఉంచే టిక్ కూడా ఉంటుంది. ఆ తర్వాత మీ స్టైల్ వేయండి. స్టైల్ పేరు పక్కన ప్లస్ గుర్తు ఉంటే పాత సెట్టింగ్ ఏదో ఇంకా అంటుకుని ఉందన్నమాట. ఆల్ట్ పట్టుకుని ఆ పేరు మీద క్లిక్ చేస్తే పోతుంది, మీరు ఉంచుకున్న బోల్డ్ కూడా దాంతోపాటే పోవచ్చు, చూసుకోండి.

సమస్య: ఒత్తులు కింది లైన్ గుడుల మీద ఎక్కుతున్నాయి

లీడింగ్, అంటే లైనుకీ లైనుకీ మధ్య దూరం, ఆటోలో ఉంది. ఆటో అంటే 120 శాతం, అంటే 11 పాయింట్ల అక్షరానికి 13.2. ఇంగ్లిష్‌కి సరిపోతుంది గానీ పైన గుడి, కింద ఒత్తు ఉన్న తెలుగుకి చాలదు. 15 లేదా 16 పెట్టి చూడండి.

సమస్య: మాటల మధ్య పెద్ద పెద్ద ఖాళీలు

ఏ4 పేజీలో మూడు కాలమ్స్ పెట్టి, రెండు అంచులూ సమంగా వచ్చేలా జస్టిఫై చేస్తే ఇంతే. మన మాటలు పొడవు. రెండు కాలమ్స్ చాలు. మూడే కావాలని ప్రిన్సిపల్ గారు పట్టుబడితే ఎడమవైపు అలైన్ చేసి వదిలేయండి.

ఫోటోలు మసకగా వస్తే వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపమనండి. ప్రెస్‌లో అక్షరాలు మారిపోయాయంటే చాలావరకు మీరు పీడీఎఫ్ బదులు ఇన్‌డిజైన్ ఫైలే ఇచ్చి ఉంటారు.