నెలసరి నెలకు రెండుసార్లు వస్తోందా? ముందు తేదీలు లెక్కపెట్టండి

నేను అనంతపురంలో ఆర్టీసీ కండక్టర్‌ని. ఉరవకొండ రూటు, పల్లెవెలుగు. 2025 ఆగస్టు 15న స్త్రీ శక్తి, అంటే ఆడవాళ్లకు ఉచిత బస్సు, మొదలైనప్పటి నుంచి మా బస్సు నిండా ఆడవాళ్లే. జీరో టికెట్ చేతిలో పెట్టేటప్పుడు, చుట్టుపక్కల మగవాళ్లు లేకపోతే కొందరు గొంతు తగ్గించి అడుగుతారు: "మేడమ్, నాకు నెలకు రెండుసార్లు వస్తాంది. డాక్టరుకు చూపించుకోవాల్నా?" నేను డాక్టర్‌ని కాను. ఏడాదిపాటు ఇదే అవస్థ పడి బయటపడినదాన్ని. వాళ్లకు చెప్పేదే ఇక్కడ రాస్తున్నా.

ముందు లెక్క సరిగ్గా ఉందో లేదో చూసుకోండి. సగం మంది ఇక్కడే పొరపాటు పడతారు. నెలసరి మొదలైన రోజు ఒకటో రోజు. అక్కడి నుంచి మళ్లీ మొదలయ్యే ముందురోజు దాకా లెక్కపెట్టాలి. ఆగిన రోజు నుంచి లెక్కపెడితే 28 రోజులకు వచ్చేది కూడా 23 రోజులకే వచ్చినట్టు కనిపించి ఊరికే టెన్షన్. జూన్ 2న వచ్చి, జూన్ 29న మళ్లీ వచ్చిందనుకోండి. క్యాలెండర్లో ఒకే నెలలో రెండుసార్లు ఉంటుంది కానీ మధ్య 27 రోజులున్నాయి. అది మామూలే. పెద్దవాళ్లకు 21 నుంచి 35 రోజుల మధ్య ఎప్పుడొచ్చినా ఫరవాలేదు. ఒక్కసారి జ్వరమొచ్చో, నిద్రలేకో ముందుకు జరిగినా కంగారు అక్కర్లేదు. వరుసగా రెండు మూడుసార్లు 21 రోజుల లోపే వచ్చిందంటే మాత్రం చూపించుకోవాలి. 21కి పైనే వస్తున్నా, మీకు ఎప్పుడూ 30కి వచ్చేది ఉన్నట్టుండి 22కి మారి అక్కడే నిలిచిపోతే అదీ అడగాల్సిన మాటే.

నా తేదీలు ఇవీ: జనవరి 4, జనవరి 22, ఫిబ్రవరి 8, ఫిబ్రవరి 26. డ్యూటీల కోసం గోడకు తగిలించుకున్న క్యాలెండర్లోనే ఎర్ర పెన్నుతో చుక్కలు పెట్టాను. ప్రతిసారీ ఏడు రోజులు. అంటే మధ్యలో నాకు మిగిలింది పది పదకొండు రోజులే. బస్టాండు దాటితే దారిలో బాత్రూమ్ ఉండదు. నల్ల ప్యాంటు వేసుకుని, సీటులో కూర్చోవాలంటే భయపడి, ట్రిప్పంతా నిలబడే టికెట్లు కొట్టిన రోజులున్నాయి. ఇంట్లో మా అత్త "వేడి చేసింటుంది, సబ్జాలు తాగు" అంది. తాగాను. చల్లగా, బాగానే ఉన్నాయి. నెలసరి మాత్రం పదిహేడో రోజుకే వచ్చింది.

అమ్మాయిల సంగతి వేరు. పెద్దమనిషి అయిన మొదటి రెండు మూడేళ్లు తేదీలు అటూ ఇటూ అవుతుంటాయి. అయినా 21 రోజుల లోపే మళ్లీ మళ్లీ వస్తున్నా, ఏడు రోజులు దాటి పోతున్నా "చిన్నపిల్లే కదా, సర్దుకుంటుంది" అని వదిలేయొద్దు.

ఇక లెక్కలు చూసుకుంటూ కూర్చోకూడని సందర్భాలు. గంటకో ప్యాడ్ చొప్పున వరుసగా రెండు గంటలు పూర్తిగా తడిసిపోతుంటే, కళ్లు తిరిగి పడిపోయేలా ఉంటే, వెంటనే ఆసుపత్రికి పోవాలి. 108కి ఫోన్ చేయండి. గర్భం వచ్చే అవకాశం ఏ కొంచెం ఉన్నా, పొత్తికడుపులో ఒకవైపు నొప్పితో రక్తం కనిపిస్తే ఆ రోజే పోవాలి. "నాకు పిల్లల ఆపరేషన్ అయిపోయింది" అనుకుని ఆగొద్దు. ఆపరేషన్ తర్వాత గర్భం అరుదే కానీ, వస్తే ట్యూబులో నిలిచే ప్రమాదం ఎక్కువ. ఏడాదిగా నెలసరి ఆగిపోయినవాళ్లకు ఒక్క చుక్క కనిపించినా, భర్తతో కలిసిన తర్వాత రక్తం కనిపించినా, పది రూపాయల బిళ్ళంత గడ్డలు పడుతున్నా ఆలస్యం చేయొద్దు.

పోయేటప్పుడు తేదీల కాగితం తీసుకెళ్లండి. వాడిన మాత్రలన్నీ అందులో రాయండి. తిరుమల ప్రయాణమనో, ఇంట్లో పెళ్లనో నెలసరి వాయిదా మాత్ర వేసుకుంటే, ఆపిన రెండు మూడు రోజులకే రక్తం వస్తుంది. అది రాయకపోతే లెక్కంతా తప్పు. అత్యవసర గర్భనిరోధక మాత్ర, కాపర్ టీ, గర్భం రాకుండా వేసే అంతర ఇంజెక్షన్, రక్తం పలుచబడే మందులు, ఏవైనా చెప్పాలి. ప్యాడ్లు రోజుకు ఎన్నో కూడా. సిగ్గుపడి "కొంచెం ఎక్కువే మేడమ్" అంటే డాక్టరుకు ఏం తెలుస్తుంది?

నేను మొదట వెళ్లిన చోట స్కానింగ్ చూసి, అయిదు నిమిషాల్లో "గర్భసంచి తీసేద్దాం, పిల్లలున్నారు కదా" అన్నారు. రక్తపరీక్ష ఒక్కటీ చేయలేదు. నాకప్పుడు 41. అడ్వాన్స్ కట్టమన్నారు కానీ మా ఆయన జీతం రోజు కాదు, అదే నా అదృష్టం. ఆ వారం సర్వజన ఆసుపత్రి గైనిక్ ఓపీకి పొద్దున్నే పోయి చీటీ తీసుకున్నా. అక్కడి డాక్టరమ్మ క్యాలెండర్ పేజీ టేబుల్ మీద పరుచుకుని, ఎర్రచుక్కల మీద వేలు పెట్టి పద్దెనిమిది, పదిహేడు, పద్దెనిమిది అని తనే లెక్కపెట్టింది. తర్వాత గర్భ పరీక్ష, హిమోగ్లోబిన్, థైరాయిడ్ రాసింది. హిమోగ్లోబిన్ 8.4. ఆడవాళ్లకు 12 ఉండాలి. మెట్లెక్కితే ఆయాసం డ్యూటీ వల్ల అనుకున్నా, అది రక్తం లేక. థైరాయిడ్ సరిగ్గా పని చేయడం లేదని కూడా తేలింది.

అందరికీ థైరాయిడే అని కాదు. గర్భసంచిలో గడ్డలు, పాలిప్స్ అనే చిన్న కండ పెరుగుదలలు, ఇన్ఫెక్షన్, అండాశయాల్లో నీటి బుడగలు, నలభై దాటాక హార్మోన్ల మార్పు, కారణాలు చాలా ఉంటాయి. నలభై అయిదు దాటినవాళ్లకు గర్భసంచి లోపలి పొర నుంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుతారు. భయపడి తప్పించుకోవద్దు, క్యాన్సర్ లేదని తేల్చుకోవడానికే అది. ఆపరేషన్ అవసరమైనవాళ్లూ ఉంటారు. కానీ ఎందుకు, మందులతో తగ్గదా అని అడిగి, ఇంకో డాక్టరు మాట కూడా విని ఒప్పుకోండి. అడిగితే కోప్పడేవాళ్ల దగ్గర నేనైతే ఆపరేషన్ చేయించుకోను.

ఇప్పుడు తెల్లవారి నాలుగు గంటలకు పరగడుపున థైరాయిడ్ మాత్ర. ఐరన్ మాత్ర దానికి కనీసం నాలుగు గంటల ఎడంతో, ఉరవకొండలో బస్సు ఆగినప్పుడు, నిమ్మకాయ నీళ్లతో. టీతో వేసుకుంటే ఒంటికి పట్టదు. ఐరన్‌కు మలం నల్లగా అవుతుంది, అది మామూలే. తేడా ఒక్క నెలలో కనిపించలేదు. నాలుగో నెలకు 24 రోజులకు వచ్చింది, ఆ తర్వాత 27. ఎర్ర పెన్ను ఇంకా క్యాలెండర్ మేకుకే వేలాడుతోంది.