బర్బర్ ఒక భాషా, అనేక భాషలా: తేల్చుకునే పద్ధతి

ఉత్తర ఆఫ్రికాలో వినిపించే బర్బర్‌ను ఒక భాషగా లెక్కించాలా, దగ్గరి చుట్టరికమున్న పలు భాషలుగా లెక్కించాలా అన్నది తేల్చుకోదలిస్తే, ఆ లెక్క దేనికి కావాలో ముందుగా నిర్ణయించుకోవాలి. వ్యాకరణాలను పోల్చేవారికి, బడి పుస్తకాలు తయారుచేసేవారికి, జనాభా గణాంకాలు చదివేవారికి ఒకే జవాబు సరిపోదు.

ఆ తరువాత పటం ముందు పెట్టుకోండి. మొరాకో ఉత్తరాన రీఫ్ కొండల్లో తరిఫిత్, నడుమ అట్లాస్ పర్వతాల్లో తమజిగ్త్, దక్షిణాన సూస్ ప్రాంతంలో తషెల్‌హిత్ వినిపిస్తాయి. అల్జీరియాలో కబైల్, షావియా, మ్జాబ్ లోయ పలుకుబడి ఉన్నాయి. సహారాలో తువారెగ్, మౌరిటానియాలో జెనాగా, ఈజిప్టులోని సీవా ఒయాసిస్సులో సీవీ ఉన్నాయి. వీటిలో చాలావాటి మధ్య అరబ్బీ మాట్లాడే ప్రాంతాలు పరుచుకొని ఉన్నందువల్ల, దూరపు కొసల మధ్య రాకపోకలు తెగిపోయి, ఒక్కొక్కటీ తన దారిన మారుతూ వచ్చింది.

ఉమ్మడి పదాలను చూసి తొందరపడకూడదు. నీళ్లను 'అమన్' అనడం సూస్ నుంచి సీవా దాకా కనిపిస్తుంది. నామవాచకానికి ముందూ వెనుకా 'త' ధ్వని చేర్చి స్త్రీలింగ రూపం కల్పించడమూ అంతే. ఇవి చుట్టరికానికి సాక్ష్యాలే తప్ప, ఒకరి మాట మరొకరికి అర్థమవుతుందనడానికి కావు. అందుకు రోజువారీ మాటలనే పరీక్షించాలి. ఇంటిని తషెల్‌హిత్‌లో 'తిగెమ్మి' అనీ, కబైల్‌లో 'అఖ్ఖామ్' అనీ, రీఫ్‌లో 'తద్దర్త్' అనీ అంటారు. చిక్కేమిటంటే, ఆ 'తద్దర్త్'కే కబైల్‌లో ఊరు అని అర్థం. ఇతర చోట్ల 'ఉల్' అనే గుండె రీఫ్‌లో 'ఉర్' అవుతుంది. ఇలాంటి క్రమబద్ధమైన మార్పు ఒకసారి అలవాటైతే పెద్ద అడ్డంకి కాదు. వాక్యనిర్మాణంలో తేడా అంతకంటే లోతైనది: తషెల్‌హిత్ వ్యతిరేకార్థానికి క్రియకు ముందు 'ఉర్'తో సరిపెట్టుకుంటే, కబైల్ సాధారణంగా క్రియ తరువాత 'అర' కూడా చేరుస్తుంది; సీవీ ఈ రెండింటినీ విడిచి 'లా' వాడుతుంది.

పరస్పర అవగాహనను రెండు కొసల మధ్య మాత్రమే కాక, పొరుగువారి మధ్య కూడా చూడాలి. తషెల్‌హిత్, తమజిగ్త్ కలిసే చోట గీత గీయడం కష్టం. అదే సూస్ వ్యక్తినీ తువారెగ్ వ్యక్తినీ ఎదురెదురుగా కూర్చోబెడితే సంభాషణ సాగదు. అయితే పాటల ద్వారానో, రేడియో ద్వారానో ఎదుటి పలుకుబడికి ముందే అలవాటుపడ్డవారిని ఈ పరీక్షకు ఎంచుకుంటే ఫలితం నమ్మదగినది కాదు.

చట్టాల మాటను భాషాశాస్త్ర తీర్పుగా తీసుకోవద్దు. మొరాకో 2011 రాజ్యాంగం అమజిగ్‌ను (బర్బర్‌కు మరో పేరు) ఏకవచనంలోనే అధికార భాషగా గుర్తించింది; 2001లో అమజిగ్ సంస్కృతి కోసం ఏర్పడిన అక్కడి రాజ సంస్థ ఒక ప్రామాణిక రూపాన్ని తీర్చిదిద్దే పని చేపట్టింది. అదే దేశపు జనగణన మాత్రం తషెల్‌హిత్, తమజిగ్త్, తరిఫిత్‌లను వేరువేరుగా లెక్కించింది. అల్జీరియా 2016లో తమజిగ్త్‌కు (ఇక్కడ ఈ పేరు అట్లాస్ పలుకుబడికి కాక, బర్బర్ మొత్తానికి) అధికార హోదా ఇస్తూ, దేశంలో వాడుకలో ఉన్న దాని భాషారూపాలన్నింటినీ అభివృద్ధి చేస్తామని రాజ్యాంగంలోనే రాసుకుంది. భాష ఒక్కటే అనే ఈ మాట వెనుక గుర్తింపు కోసం సాగిన సుదీర్ఘ పోరాటం ఉంది కనుక, దానిని పొరపాటుగా కొట్టిపారేయడం సబబు కాదు.

నా అంచనాలో జెనాగా, తువారెగ్, సీవీలను వేరు భాషలుగా లెక్కించడానికి సందేహించనక్కరలేదు. మొరాకో, అల్జీరియాల ఉత్తర పలుకుబళ్లను మాత్రం ఒకదానిలోకి ఒకటి ఒరిగే వరుసగా చూడడమే న్యాయం. వాటిని ఇన్ని భాషలని అంకె వేసి చెప్పడం కంటే, కొసలు వేరైపోయాయని చెప్పడం నిజానికి దగ్గర. రాసేటప్పుడు కుటుంబం మొత్తాన్ని ఉద్దేశిస్తే 'బర్బర్ భాషలు' అనీ, చాలామంది తమకు తాము పెట్టుకున్న పేరును గౌరవిస్తూ 'అమజిగ్ భాషలు' అనీ అనవచ్చు. ఉదాహరణ ఇచ్చిన ప్రతిచోటా అది ఏ ప్రాంతపు పలుకుబడో పేర్కొనండి. మాట్లాడేవారి సంఖ్య ఇచ్చేటప్పుడు, అందులో ఏయే పలుకుబళ్లను కలిపారో ఆ వాక్యంలోనే చెప్పండి.