క్లాసులో వచ్చిన లెక్క వార్డులో ఎందుకు తప్పుతోంది: ఉమ్మడి శోధన చేసే పద్ధతి

మందు మోతాదు లెక్కలు పరీక్షలో చక్కగా చేసే నర్సింగు విద్యార్థులు వార్డులో తడబడుతుంటారు. కాలేజీ వార్డును అంటుంది, వార్డు కాలేజీని అంటుంది. కమిటీ వేస్తే 'ప్రాక్టికల్ గంటలు పెంచాలి' అని తీర్మానం చేసి లేస్తుంది. కారణం మాత్రం ఎవరికీ తెలియదు. ఉమ్మడి శోధన పనికొచ్చేది ఇలాంటి చోటే. సామాజిక మనస్తత్వవేత్త కర్ట్ లెవిన్ 1940లలో ముందుకు తెచ్చిన యాక్షన్ రీసెర్చ్ నుంచి ఎదిగిన పద్ధతి ఇది. సమస్యతో రోజూ తలపడేవాళ్లే ప్రశ్న వేసుకుంటారు, తమ పనిలో ఒక మార్పు చేసి చూస్తారు, చూసింది తెచ్చి బల్ల మీద పెడతారు. మీటింగుకూ మీటింగుకూ మధ్య ఎవరూ ఏమీ చేయకపోతే, ఏ పేరు పెట్టినా అది కమిటీయే.

గుంపులో ఆరు నుంచి ఎనిమిది మంది చాలు. పది దాటితే మాట్లాడే వంతు అందరికీ రాదు. టీచర్లు, వార్డు నర్సులు, సీనియర్ విద్యార్థులు మూడు రకాలవాళ్లూ ఉండాలి. తమకు మార్కులు వేసేవాళ్లు అదే గుంపులో ఉంటే విద్యార్థులు నోరు విప్పరు. ఆ టర్ములో తమను మదింపు చేయని టీచర్లతోనే కూర్చోబెట్టండి.

ఎక్కువ సమయం ప్రశ్న మీద పెట్టండి. మొదటి మీటింగు మొత్తం దానికే పోయినా నష్టం లేదు. 'విద్యార్థులకు శ్రద్ధ ఎందుకు లేదు?' అన్నది ప్రశ్న కాదు, తీర్పు. 'ప్రాక్టికల్ గంటలు ఎలా పెంచాలి?' అన్నదాంట్లో జవాబు ముందే దాగుంది. 'వార్డులో లెక్క ఏ మెట్టు దగ్గర తప్పుతోంది, అక్కడ మేము ఏం మార్చగలం?' అంటే పని మొదలవుతుంది. రెండు మూడు వారాల్లో మన చేతుల్లో ఉన్న పనితో తేల్చుకోగలమా అని అడిగి చూడండి. సిలబస్ మారితే తప్ప తేలదంటే ప్రశ్నను ఇంకా చిన్నది చేయాలి.

తర్వాత ఆధారాలు. 'పిల్లలు కంగారు పడుతున్నారు' లాంటి మాటలు కాదు, విద్యార్థి లెక్క చేసిన కాగితమే కావాలి, పేరు తీసేసి, వాళ్ల అనుమతితో. ఉదాహరణకు డాక్టరు రాసిన ఆర్డరు 375 మి.గ్రా.; సీసా మీద 5 మి.లీ.కి 250 మి.గ్రా. అని ఉంది. ఇవ్వాల్సింది 7.5 మి.లీ. ఒకరు 3.3 అని రాశారు: భాగహారం తలకిందులైంది. ఒకరు 1.5 అన్నారు: 375ను 250తో భాగించి ఆగిపోయారు, లేబుల్ మీది 5 మి.లీ.ని లెక్కలోకి తీసుకోలేదు. మరొకరు 75 అన్నారు: పద్ధతి సరే, దశాంశ బిందువు పోయింది. మూడూ తప్పులే, మూడింటికీ పరిష్కారం వేరు. 1.5లే ఎక్కువ కనిపిస్తే ఎన్ని లెక్కలు చేయించినా లాభం లేదు. క్లాసు ప్రశ్నలో అంకెలు ఏరి ఇస్తారు, వార్డులో లేబుల్ నుంచి తామే ఏరుకోవాలి.

అప్పుడు ఒక టీచరు లెక్కను వాక్యంలో ఇవ్వడం మానేసి లేబుల్ ఫొటో, ఆర్డరు షీటు నమూనా ఇచ్చి చూస్తారు. ఒక నర్సు, మందు సిరంజిలోకి తీసే ముందు లెక్కను మెట్టు మెట్టుగా పైకి చెప్పమంటారు. ఒక్కొక్కరూ ఒక్క మార్పే చేయాలి. రెండు కలిపితే ఏది పనిచేసిందో తెలియదు. రోగికి మందు ఇచ్చేముందు మామూలుగా జరిగే రెండో తనిఖీ ఎప్పటిలాగే జరగాలి. దాని మీద ప్రయోగాలు వద్దు. గమనించింది అదే రోజు రాసుకోవాలి, విద్యార్థి అన్న మాట అన్నట్టే. వారం ఆగితే మిగిలేది మన అభిప్రాయమే.

మీటింగుకు గంటన్నర. ఒక్కొక్కరికీ ఐదు నిమిషాలు, మధ్యలో ఎవరూ అడ్డురాకూడదు, సలహాలూ వద్దు. హోదాలో పెద్దవాళ్లు చివర్లో మాట్లాడాలి. వాళ్లు ముందు మొదలుపెడితే మిగతావాళ్లు తమ కాగితాలను ఆ మాటకు తగ్గట్టు చదువుతారు. ఆ తర్వాత అరగంట అర్థం తేల్చుకోవడానికి. చివరి పావుగంటలో ఎవరు ఏం చేస్తారో రాసుకుని లేవాలి. అలా రాసుకోకుండా లేచిన గుంపు తర్వాతి మీటింగుకు ఖాళీ చేతులతో వస్తుంది.

మార్పు చేసి చూసి, చూసింది తెచ్చి మీటింగులో మాట్లాడుకోవడం ఒక చుట్టు. రెండో మూడో చుట్టుకు అందరూ ఒకే మాట మీదకు వస్తే సంబరపడకండి. కలిసి పనిచేసేవాళ్లకు ఒకరిని ఒకరు కాదనడం ఇబ్బంది. అందుకే ప్రతిసారీ వంతులవారీగా ఒకరికి అడ్డుప్రశ్నల పని అప్పగించండి: 'దీనికి ఇంకో కారణం ఉండొచ్చా? దీనికి సరిపడని కాగితం ఏది?' కాగితాలు తెచ్చినవాళ్ల మీదకు మాత్రం ఈ ప్రశ్నలు మళ్లనివ్వకండి. తమ క్లాసు తప్పులు తెచ్చినందుకు ఒకసారి మాట పడ్డవాళ్లు మళ్లీ తీసుకురారు.

మామూలుగా నాలుగైదు చుట్లు పడుతుంది. కొత్త కాగితాల్లో కొత్త రకం తప్పు కనిపించనప్పుడు, చేసిన మార్పు గుంపులో లేని మరో టీచరు చేతిలో కూడా నిలబడినప్పుడు ఆపవచ్చు. ఏం మార్చారు, ఏ తప్పు తగ్గింది, ఏది తగ్గలేదు అన్నది ఒక పేజీలో రాసి కాలేజీకీ వార్డుకూ చెరో కాపీ ఇవ్వండి. తగ్గనిది తర్వాతి బ్యాచ్‌కు మొదటి ప్రశ్న అవుతుంది.