షీల్డెడ్ పూల్ వాడుతున్నారా? గోప్యత జారిపోయేది ఇక్కడే

ఈథీరియంలో మీ అడ్రస్ ఒక్కసారి తెలిస్తే చాలు, మీ అప్పులు, స్వాప్‌లు, నిల్వ అన్నీ ఎవరైనా చూడొచ్చు. షీల్డెడ్ పూల్ అంటే చాలామంది డబ్బు ఒకచోట కలిసే ఉమ్మడి నిధి; డబ్బు వేసిన అడ్రస్‌కూ తీసే అడ్రస్‌కూ మధ్య లంకెను అది తెంపుతుంది.

డిపాజిట్ సమయంలో వాలెట్ రెండు రహస్య సంఖ్యలు పుట్టించి, వాటి హాష్‌నే (వాటి నుంచి లెక్కించిన, వెనక్కి తిప్పలేని ముద్ర) పూల్‌ను నడిపే ప్రోగ్రాం అయిన కాంట్రాక్టుకు పంపుతుంది. అది మెర్కిల్ ట్రీలో (హాష్‌లను చెట్టులా పేర్చిన నిర్మాణం) ఒక ఆకుగా చేరుతుంది. డబ్బు తీసేటప్పుడు, ఏ ఆకో చెప్పకుండానే అందులో ఒకటి మీదని రుజువు చేస్తారు. దాంతోపాటు నల్లిఫయర్ హాష్ (ఆ డిపాజిట్ వాడేశారని చూపే గుర్తు) బయటపడుతుంది కాబట్టి అదే డబ్బును రెండోసారి తీయలేరు. ఆ సంఖ్యలున్న నోటు పోతే డబ్బు పోయినట్టే. ముందు దాన్ని ఆఫ్‌లైన్‌లో రెండు చోట్ల దాచి, ఆ తర్వాతే డిపాజిట్ నొక్కండి.

గణితం మోసం చేయడం అరుదు, కొంప ముంచేది అలవాట్లే. 1.37 ఈథర్ వేసి గంటలో 1.37 తీస్తే రుజువు ఎంత గట్టిదైనా ఎవరైనా జత కలిపేస్తారు. అందరూ 1 ఈథర్ చొప్పున వేసే పూల్ మేలు. మీ తర్వాత చాలా డిపాజిట్లు పడేదాకా ఆగండి. అయిదుగురే ఉంటే మీరు అయిదుగురిలో ఒకరు, అంతే.

డబ్బు తీసే కొత్త అడ్రస్‌కు గ్యాస్ (లావాదేవీ రుసుము) కోసం పాత అడ్రస్ నుంచి చిల్లర పంపితే అంతా వృథా. మీ తరఫున లావాదేవీ పంపి గ్యాస్ కట్టే రిలేయర్‌ను వాడండి, దాని ఫీజు తీసే మొత్తంలోంచే పోతుంది. సర్క్యూట్‌లో (రుజువు నియమాలు రాసిన కోడ్) గ్రహీత అడ్రస్, ఫీజు రుజువుకు కట్టుబడి ఉన్నాయో లేదో ఆడిట్ నివేదికలో చూడండి. లేకపోతే మధ్యలో ఎవరైనా అడ్రస్ మార్చేయగలరు.

రెండు అడ్రస్‌లకూ ఒకే ఆర్‌పీసీ సర్వర్ (వాలెట్‌ను ఈథీరియంకు కలిపేది) వాడితే, మీ ఐపీని బట్టి అవి రెండూ ఒకరివేనని దానికి తెలిసిపోవచ్చు. సొంత నోడ్ (మీరే నడిపే ఈథీరియం సర్వర్) ఉంటే మంచిది. మీ దేశంలో ఇలాంటి పూల్‌పై చట్టం ఏమంటుందో కూడా ముందే చూసుకోండి.